మలయ్ ఇళ్ల చెక్క నగిషీలపై ఇస్లాం ముద్ర: వారసత్వ విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మలేషియాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు పాత మలయ్ ఇళ్లు కొత్తవి కావు. వాటి ద్వారాల మీద, కిటికీల మీద, చూరు అంచున ఉన్న చెక్కడాలను మాత్రం అందంగా ఉన్నాయనుకుని దాటిపోతుంటాం. అందుకే వారసత్వ విభాగం ఈ ఏడాది పనినంతా ఈ ఒక్క విషయానికే కేటాయించింది. ఇళ్లను పరిశీలించడం, నగిషీల నకళ్లు తీయడం, మరమ్మతు చేయించుకునేవారికి సూచనలు సిద్ధం చేయడం జరిగాయి.

కౌలాలంపూర్‌లో ఉన్నవారు మొదట చూడాల్సింది జాలన్ స్టోనార్‌లోని పెంగులు (గ్రామపెద్ద) అబూ సెమాన్ ఇల్లు. కెడా రాష్ట్రంలో విప్పి తెచ్చి వారసత్వ పరిరక్షణ సంస్థ బదన్ వారిసన్ మలేషియా ఆవరణలో మళ్లీ నిలబెట్టిన ఇల్లది. అయితే ఈ కళకు అసలు గడ్డ తూర్పు తీరంలోని కెలాంతన్, తెరెంగాను. కెలాంతన్ రాజధాని కోట భారులో 1887లో కట్టిన ఇస్తానా జహార్ అనే రాజభవనం ఇప్పుడు మ్యూజియం కాబట్టి తీరిగ్గా చూసే వీలుంది. నెగెరి సెంబిలాన్‌లోని స్రీ మెనాంతి పాత రాజభవనం 1908లో పూర్తయింది, కహార్, తాయిబ్ అనే ఇద్దరు వడ్రంగుల పనితనం అది. దాని స్తంభాలు 99. ఆ అంకె వినగానే అల్లాహ్ 99 నామాలు గుర్తుకొస్తాయి గానీ, అక్కడివారు చెప్పుకునేది వేర్వేరు ప్రాంతాలకు చెందిన 99 మంది వీరుల గురించి. ప్రతి అంకెకూ, ప్రతి పువ్వుకూ మతార్థం అంటగట్టకూడదని దీన్ని ముందే చెబుతున్నాం.

ఇస్లాం ప్రభావం స్పష్టంగా కనబడేది జీవుల రూపాల విషయంలో. ప్రాణుల బొమ్మలు చెక్కకూడదన్న నియమం బలపడ్డాక ఇళ్ల నగిషీలను ఆకులు, మొగ్గలు, తీగలు ఆక్రమించాయి. జంతువులు పేర్లలో మిగిలాయి. ‘ఇతిక్ పులాంగ్ పెతాంగ్’ అంటే సాయంత్రం గూటికి మళ్లే బాతులు. చెక్క మీద కనిపించేది ఒకదాని వెనుక ఒకటి సాగే మెలికల వరుసే. ‘సెముత్ బెరిరింగ్’ చీమల బారు, ‘లెబాహ్ బెర్గాంతుంగ్’ చూరు అంచున వేలాడే తేనెతుట్టె. ఈ మార్పు అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. తూర్పు తీరపు చేపల పడవల మీద పక్షి రూపాలు చాలాకాలం నిలిచాయి. ఇంటి గోడ మీద కుదరనిది పడవ మీద కుదిరింది.

తీగ పెరిగే తీరుకూ కట్టుబాట్లున్నాయి. ప్రతి తీగకూ ఒక మొదలుండాలి. అది కుండీ కావచ్చు, మొగ్గ కావచ్చు. సృష్టి అంతా ఒకే మూలం నుంచి పుట్టిందన్న భావాన్ని పనివారు దీనికి ముడిపెడతారు. ఆకు కొన పక్కదాన్ని పొడవకూడదు, తీగలు పెనవేసుకున్నా ఒకదాన్నొకటి నలపకూడదు, చివరలు వేలెత్తి చూపినట్టు నిక్కకుండా ఒదిగి వంగాలి. యంత్రంతో కోసిన కొత్త పలకల్లో మొట్టమొదట తప్పేది ఇక్కడే. నమూనాలోంచి చతురస్రం ముక్క కత్తిరించి పక్కపక్కన అతికిస్తారు, మొదలు మాయమవుతుంది, తీగ ఫ్రేము దగ్గర తెగిపోతుంది. మా దృష్టిలో అది నగిషీ కాదు, అచ్చు.

ఇక అరబిక్ అక్షరాల పలకలు. జావీ లిపిలో ఉన్న తెరెంగాను రాతి శాసనాన్ని సాధారణంగా 1303 నాటిదిగా లెక్కిస్తారు. మలయ్ భాష రాయడానికి అరబిక్ నుంచి వచ్చిన ఈ లిపి మలయ్ నేల మీద అంత పాతది. ఇళ్లలో ఖురాన్ వాక్యాలు, అల్లాహ్, ముహమ్మద్ నామాలు ద్వారం పైభాగంలో ఉంటాయి. కాళ్ల ఎత్తులో, తొక్కే చోట పెట్టరు. జాలీగా కోసినప్పుడు అక్షరం చెక్కగా మిగిలి చుట్టూ ఖాళీ అవుతుంది. అప్పుడు అక్షరాల చుక్కలకు ఆధారం ఉండదు, రాలిపోతాయి. బిస్మిల్లాహ్ వాక్యం మొత్తంలో నాలుగు చుక్కలు: ‘బా’ కింద ఒకటి, ‘నూన్’ పైన ఒకటి, ‘యా’ కింద రెండు. ఒక్కోదాన్నీ ఏ తీగకో ఆకుకో కలిపి నిలబెట్టాలి. ఇస్లాం విశ్వాస ప్రకటన వాక్యమైన కలిమాలో చుక్క ఉన్న అక్షరం ఒక్కటీ లేదు కాబట్టి ఆ చిక్కు తప్పుతుంది, కానీ ఇంకోటి వస్తుంది. అది అలిఫ్, లామ్‌లతో నిండిన వాక్యం. ద్వారం మీది పలకలో చెక్క నార అడ్డంగా సాగుతుంది, ఈ అక్షరాలు నిలువుగా లేస్తాయి. నారకు అడ్డంగా కోసిన సన్నటి కాడ ఉలి దెబ్బకే విరుగుతుంది. అందుకే నిలువు గీతలను లావుగా ఉంచి, వాటి తలలను పై అంచుకో తీగకో అతకాలి. అతికే చోటు లేకపోతే జాలీ మానేసి ఉబ్బెత్తు చెక్కడమే మేలు.

తీగల నమూనాను సగం గీసి, కాగితం మడిచి రెండో సగం దించుతారు. అక్షరాలకు ఆ పద్ధతి పనికిరాదు. జాలీ పలకను లోపలి నుంచి చూస్తే అక్షరాలు తిరగబడతాయి కాబట్టి, రంగుకోసం ఊడదీసేటప్పుడు బయటి ముఖం ఏదో వెనక వైపు పెన్సిల్‌తో రాసిపెట్టుకోవాలి.

చెక్క విషయానికొస్తే చెంగల్‌కు సాటి లేదు. గాలికి ఆరాక కూడా ఘనపు మీటరుకు 900 కిలోలు దాటే బరువు. చేవ చెదలకు లొంగదు, చేవ చుట్టూ ఉండే లేత చెక్క మాత్రం లొంగుతుంది. అమ్మకానికొచ్చే పలక అంచున లేత రంగు పట్టీ కనిపిస్తే దాన్ని కోయించి కొనండి. జాలీకి అంగుళం మందం పెట్టుకోండి. నమూనా కాగితం అంటించాక, ఖాళీ కావాల్సిన ప్రతి గడిలోనూ బరమాతో రంధ్రం వేసి, సన్న రంపం దూర్చి కోయాలి. లోపలి చిన్న గడులు ముందు, పెద్దవి తర్వాత. పెద్దవి ముందే కోస్తే పలక బలం తగ్గి, చిన్నవాటి దగ్గర వణికి చిట్లుతుంది. తర్వాత ఉలితో అంచులు వాలుగా చెక్కి, నునుపు చేయాలి. పూర్వం గరుకుగా ఉండే మెంపెలాస్ ఆకుతో రుద్దేవారు.

మేం చూసిన మరమ్మతుల్లో ఎక్కువ నష్టం మంచి ఉద్దేశంతో జరిగిందే. మందంగా పూసిన వార్నిష్ చెక్కడపు లోతులను పూడ్చేస్తుంది, ఆ పొర కింద తేమ చేరి పొట్టులా లేస్తుంది. ఇనుప మేకులు చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లటి మరకలు వేస్తాయి, తుప్పు ఉబ్బి పలక చీలుతుంది. చెక్క చీలలు గానీ, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు గానీ వాడండి. ప్రెషర్ పంపుతో నీళ్లు కొట్టించవద్దు. మెత్తటి బ్రష్ చాలు, నూనె పట్టించాలంటే పల్చగా ఒక్క పూత పూసి మిగిలింది తుడిచేయాలి. గాలి కోసం, బయటి చూపు లోపల పడకుండా ఉండడం కోసం పెట్టిన జాలీ వెనక గాజు బిగిస్తే రెండింట్లో మొదటిది పోతుంది.

నకళ్లు తీసేటప్పుడు పలకను ముట్టుకోకుండా, ఎదురుగా కొలబద్ద పెట్టి ఫొటో తీయడమే పద్ధతిగా పెట్టుకున్నాం. కాగితం ఆనించి బొగ్గు రుద్దితే పాత బంగారు పూత లేచిపోతుంది. రాబోయే ఏడాది తెరెంగాను ఇళ్ల గోడ పలకలను, కప్పు త్రికోణాల చెక్కడాలను ఇదే తీరులో నమోదు చేయాలని ప్రతిపాదిస్తున్నాం. ప్రార్థనా వాక్యాలున్న పలకలను విప్పాల్సి వస్తే ఇంటివారి అనుమతితో, వారు చెప్పిన పద్ధతిలోనే చేయాలి, నేల మీద పెట్టకూడదు. ఈ షరతును తీర్మానంలో చేర్చాలని సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాం. విభాగం జమాఖర్చులు కోశాధికారి నివేదికతో కలిపి సమావేశం ముందుకు వస్తాయి.