పేరుపేరునా చెప్పలేని కృతజ్ఞతలు

మా ఇంటి అమ్మాయికి అండగా నిలబడ్డ వాళ్ళందరికీ చేతులు జోడించి చెప్పుకోవాల్సిన మాటలివి. ఏడాది దాటాక ఇప్పటికి కుదిరింది. పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మన పద్ధతి. నాకు ఆ వీలు లేదు. మీలో ఒక్కరి పేరు రాసినా, మా ఊరి వాళ్ళు రెండు నిమిషాల్లో తన దాకా వచ్చేస్తారు. అందుకే ఊరు రాయను, కాలేజీ రాయను, ఏ నెలలో జరిగిందో రాయను. నేను తనకి ఏమవుతానో కూడా రాయను. దగ్గరి దాన్ని, అంతే. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

తన మీద జరిగిన లైంగిక దాడి వివరాలు ఒక్క ముక్క కూడా ఇక్కడ ఉండవు. అది కోర్టు చూసుకుంటోంది. ఆ తర్వాత ఫోన్లలో జరిగిన దాని గురించీ, దాన్ని ఆపిన వాళ్ళ గురించే నేను చెప్పేది.

ఫిర్యాదు ఇచ్చిన మర్నాటికే తన ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఏదో పెళ్ళిలో దిగిన ఫోటోలోంచి తనని కత్తిరించి, చుట్టూ కొవ్వొత్తులు పెట్టి, కింద పేరు, కాలేజీ, 'న్యాయం కావాలి' అని రాశారు. చేసింది పగవాళ్ళు కాదు, తనతో చదువుకున్న పిల్లలు. ఏడుస్తూ చేశారు. కాలనీ పెద్దలు అదే ఫోటోతో ర్యాలీకి ఫ్లెక్సీలు ఆర్డరిచ్చారు. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు ఇంటి ముందు నిలబడి వీడియో తీశారు. తల్లి మొహానికి బ్లర్ పెట్టారు గానీ గేటుకీ, గేటు మీది ఇంటి నంబరుకీ, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు బోర్డుకీ పెట్టలేదు. ఇంకొక వార్తలో 'పేరు మార్చాం' అని రాసి, ఆ పక్క వాక్యంలోనే తండ్రి ఏం పని చేస్తాడో, ఇల్లు ఏ గుడి వెనకాలో రాశారు.

ఆస్పత్రిలో పక్క బెడ్డు పేషెంటుకి తోడుగా వచ్చిన ఆవిడ ఫోన్లో మా పిల్ల తన ఫోటో తనే చూసుకుంది. ఆవిడ గుర్తుపట్టలేదు. "పాపం, ఎవరి పిల్లో చూడమ్మా" అని తనకే చూపించింది. ఆ తర్వాత చాలా రోజులు తను దుప్పటి మొహం మీంచి తీయలేదు.

ముందుగా ఆ రాత్రి స్టేషన్లో ఉన్న మహిళా ఎస్ఐ గారికి దండం. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పిందట. లైంగిక నేరాల్లాంటి సున్నితమైన కేసులకి మాత్రం అది వర్తించదట. మేం అడగకముందే ఆవిడ ఈ సంగతి చెప్పి, "ఇది ఎక్కడా ఎక్కదు, ధైర్యంగా సంతకం పెట్టు తల్లీ" అన్నారు. పేరున్న కాగితాలన్నీ సీలు కవరులో పెట్టించి, పేరు తీసేసిన ప్రతులు ఫైల్లో ఉంచారు. ఇంటికి వచ్చినప్పుడు యూనిఫాం వేసుకోలేదు. జీపు మెయిన్ రోడ్డు మీదే ఆపేసి, కూరగాయల సంచీ ఒకటి చేత్తో పట్టుకుని నడిచొచ్చారు. ఆ సంచీ గుర్తొస్తే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. దాంట్లో తన కోసం రెండు కమలాపళ్ళు కూడా ఉన్నాయి.

మా వకీలమ్మకి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? ఫీజు మాట ఎత్తనివ్వలేదు. ఆ ఛానెల్ వాళ్ళు 'వాళ్ళ బంధువే మాతో మాట్లాడాడు, కుటుంబం ఒప్పుకుంది' అని వాదించారు. ఆవిడ కూర్చోబెట్టి చెప్పారు. భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ ఉంది, 2024 జూలై 1కి ముందు ఐపీసీలో 228ఏ అనేవాళ్ళు. బాధితురాలెవరో తెలిసిపోయేలా ఏం ప్రచురించినా రెండేళ్ళ దాకా జైలు. బతికున్న, మేజరైన మనిషి విషయంలో అనుమతి ఇవ్వాల్సింది తనే, అదీ రాతపూర్వకంగా, తన ఇష్టంతో. మామయ్యో బాబాయో మైకు ముందు తలూపితే అది అనుమతి కాదు. 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. పేరు ఒక్కటే కాదు, ఎంత దూరపు వివరమైనా సరే, దాన్ని పట్టుకుని ఆమెను గుర్తించగలిగితే అది బయటికి రాకూడదు. గేటు, ఇంటి నంబరు, గుడి వెనక సందు అన్నీ అందులోకే వస్తాయని నాకు అప్పుడే అర్థమైంది. వీడియో ఆ సాయంత్రమే దిగిపోయింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఆ పశువైద్యురాలిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆవిడ ఫోటో నేను కూడా స్టేటస్ పెట్టుకున్నాను, పేరుతో సహా. ఇకమీదట 'దిశ' అని పిలవమని సైబరాబాద్ పోలీసులు చెప్పాక కూడా వెంటనే తీయలేదు. గుండె మండి పెట్టుకున్నాను, అందులో తప్పేముందనుకున్నాను. కోల్‌కతా ఆర్జీకర్ ఆస్పత్రి డాక్టరు విషయంలోనూ జనం అలాగే చేశారు. పేరు, ఫోటోలు, వీడియోలు సోషల్ మీడియా నుంచి తీసేయమని 2024 ఆగస్టు 20న సుప్రీంకోర్టే ఆదేశించాల్సి వచ్చింది. చనిపోయిన వాళ్ళకి కూడా ఆ మరుగు ఉంటుందని చట్టం అంటోంది. మా పిల్ల ఫోటో పెట్టిన పిల్లల మీద నాకు కోపం నిలవకపోవడానికి కారణం ఇదే. వాళ్ళలో నన్ను నేనే చూసుకున్నాను.

ఆ పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడిన లెక్చరర్ మేడమ్, మీకు నా నమస్కారాలు. మీరు ఒక్కర్ని కూడా తిట్టలేదట. "రేపు తను ఈ గదిలోకి రావాలి. వచ్చినప్పుడు మీ ఫోన్లో ఏముందో తనకి తెలుసు" అన్నారట. తర్వాత ఆ పిల్లలే, ఎవరికి ఎక్కణ్ణుంచి ఫార్వర్డ్ వచ్చిందో వెనక్కి ఆరా తీసుకుంటూ, ఒక్కో గ్రూపు అడ్మిన్‌కి ఫోన్ చేశారు. గ్రూపులో ఎవరు పెట్టిన మెసేజైనా అడ్మిన్ అందరికీ తీసేయొచ్చని సగం మంది అడ్మిన్లకే తెలీదు. పిల్లలే ఎలా తీయాలో నేర్పారు. రాజకీయ పార్టీ గ్రూపొకటి, అపార్ట్‌మెంటు గ్రూపులు, గుడి కమిటీ గ్రూపు... ఎంత లోతుకి వెళ్ళిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఫ్లెక్సీ షాపు అన్నకి. రాత్రి తొమ్మిది దాటాక నేను వణుకుతూ వచ్చాను మీ షాపుకి. అప్పటికే ప్రింటై, ఐలెట్లు కొట్టి, చుట్టలు చుట్టి ఉన్నాయి. నేను రెండు మాటలు చెప్పేలోపే మీరు బ్లేడు తీసుకుని, ప్రతి దాన్లోంచీ తన మొహం ఉన్న ముక్క కోసేశారు. కోసిన ముక్కల్ని చెత్తకుప్పలో కూడా వేయలేదు, నా ముందే చీలికలు చీలికలు చేశారు. కంప్యూటర్లో ఫైలు తీసేసి, ఆర్డరిచ్చిన వాళ్ళు ఫోటో పంపిన చాట్ కూడా తీసేశారు. డబ్బులిస్తానంటే "నాకూ చెల్లెలుంది అక్కా" అని కూడా అనలేదు మీరు. "ముందు ఇంటికెళ్ళండి, పొద్దుపోయింది" అన్నారు, అంతే. మర్నాడు ర్యాలీ జరిగింది. ఫోటో లేని ఫ్లెక్సీలతో, 'న్యాయం కావాలి' అన్న అక్షరాలతోనే జరిగింది. జనం తగ్గలేదు.

లింకులు తీయించిన బాబుకి ఎలా చెప్పుకోను. ఉద్యోగం నుంచి వచ్చి, రాత్రిళ్ళు కూర్చుని, 41 లింకులు ఒక పట్టికలో రాసుకున్నాడు. ఏ ఖాతా, ఏ టైము, ఎప్పుడు రిపోర్టు చేశాడు, ఎప్పుడు తీశారు. మాకు మొదటి రోజే ఒక మాట గట్టిగా చెప్పాడు, నేను ఇప్పుడు కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాను: 'ఇదిగో చూడండి, ఎలా తిప్పుతున్నారో' అని మనం పంపినా అది తిప్పడమే. లింకు కాపీ చేసుకుని పోలీసులకీ, ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికీ మాత్రమే ఇవ్వాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సర్కారు పోర్టల్లో మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలకి వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఇది ఎందరికి తెలుసు?

అన్నిటికన్నా దారుణం, వేరెవరిదో అశ్లీల వీడియోకి మా పిల్ల పేరు తగిలించి వదిలారు. అలాంటి వాటి మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ నిబంధనల్లో అప్పట్లో ఉండేది, అదే చెప్పి పట్టుబట్టి తీయించాడు ఆ బాబు. అంతటితో మా పని అయిపోయిందనుకున్నాం. బాబు మాత్రం ఆగలేదు. "పేరు మనది కాకపోతే ఆ వీడియో ఉండొచ్చా ఆంటీ? అందులో ఉన్నమ్మాయికి కూడా ఇల్లుంటుంది కదా" అన్నాడు. పేరు లేకుండా తిరుగుతున్న కాపీల్ని కూడా వెతికి రిపోర్టు చేశాడు. ఆ అమ్మాయెవరో మాకు తెలీదు. ఆమె తరఫున కూడా ఈ దండం.

తీసేసిన పేజీల తాలూకు చిన్న బొమ్మలు సెర్చ్‌లో ఇంకా కొన్నాళ్ళు కనిపించాయి. వాటికి మళ్ళీ వేరే అర్జీ. అదీ అయింది. కోర్టులో తన పేరు పిలవకుండా కేసు నంబరుతో పిలిచిన బంట్రోతు గారికి, విచారణ రోజున పక్క గుమ్మం గుండా లోపలికి తీసుకెళ్ళిన మహిళా కానిస్టేబుళ్ళకి, తలుపులు మూసి విచారణ జరిపిన జడ్జి గారికి నమస్కారాలు.

తెలిసిన వాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మనవి. 'ఫలానా వాళ్ళ గురించేనా' అని కింద అడగొద్దు. మమ్మల్ని ట్యాగ్ చేయొద్దు. మీరు చేసిన సాయం గురించి గొప్పగా చెప్పుకోవాలనిపిస్తే, అది న్యాయమే, కానీ ఇంకొన్నాళ్ళు ఓర్చుకోండి.

ఈ మాటలు తను చదివాకే పెడుతున్నాను. పెన్ను తీసుకుని రెండు చోట్ల కొట్టేసింది. ఒకచోట రాసిన పండగ పేరుని బట్టి ఊరు తెలిసిపోతుందంది. ఇంకోచోట నేను తన గురించి మరీ జాలిగా రాశానంది. రెండూ తీసేశాను. కమలాపళ్ళ సంగతి మాత్రం ఉంచమంది.