ప్రశ్నపత్రానికీ పరీక్ష పెట్టాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పరీక్షా ఫలితాలు రాగానే ఎంతమంది పాసయ్యారు, ఎవరికెన్ని మార్కులు అన్న మాటలే వినిపిస్తాయి. అడిగిన ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయా అని ఎవరూ అడగరు. మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పేపర్లు తయారు చేస్తూ చాలా ఏళ్లు గడిపిన నాకు ఈ విషయం రాయక తప్పదనిపించింది.

కొన్నేళ్ల కిందట వంద మంది రాసిన ఒక ఎంసీక్యూ (ఇచ్చిన ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునే) పేపర్‌ని ప్రశ్నలవారీగా లెక్కగట్టాం. పద్ధతి తేలికే. ఎక్కువ మార్కులొచ్చిన 27 మందిని ఒక పక్కన, తక్కువ వచ్చిన 27 మందిని ఇంకో పక్కన పెట్టి, ఒక్కో ప్రశ్నకు ఏ గుంపులో ఎంతమంది సరైన జవాబు గుర్తించారో చూడాలి. పై గుంపులో 20 మంది, కింది గుంపులో 8 మంది అయితే ఆ ప్రశ్న బాగా పనిచేసినట్టే. 37వ ప్రశ్న దగ్గర లెక్క తిరగబడింది. పై గుంపులో 8 మంది, కింది గుంపులో 15 మంది! పొరపాటేమోనని మళ్లీ లెక్కపెట్టాం. అదే వచ్చింది. తీరా ప్రశ్న చదివి చూస్తే, 'కిందివాటిలో సరికానిది ఏది' అని అడిగిన చోట రెండు ఆప్షన్లు సరికానివే. లోతుగా చదివిన పిల్లలు రెండో తప్పును పట్టుకున్నారు. జవాబుల కీలో ఉన్నది మొదటిది. అప్పటికే ఫలితాలు ఇచ్చేశాం. ఒక్క మార్కుతో ఫెయిలైన అమ్మాయి ఒకామె ఆ బ్యాచ్‌లో ఉంది. ఆ ప్రశ్న రాసింది నేను. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో స్టీవెన్ డౌనింగ్ అనే పరిశోధకుడు వైద్య విద్యార్థులు రాసిన నాలుగు పేపర్లను పరిశీలించి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ పేపర్లలో మూడో వంతుకు పైగా ప్రశ్నలు లోపాలతో ఉన్నాయని, వాటివల్ల కొందరు విద్యార్థులు అన్యాయంగా నష్టపోయారని అందులో తేలింది. లోపాలు రెండో వైపూ పనిచేస్తాయి. సరైన జవాబు మిగతావాటికంటే పొడుగ్గా ఉండటం, తప్పు ఆప్షన్లలో 'ఎప్పుడూ', 'అస్సలు' లాంటి మాటలు దొర్లడం, ఈ కిటుకులు తెలిసినవాళ్లకు పాఠం రాకపోయినా మార్కు వస్తుంది. అలా పాసైనవాళ్లే రేపు రోగి ముందు కూర్చుంటారు.

మంచి ప్రశ్న ఎలా ఉంటుంది? కిడ్నీలు పాడైన అరవై ఏళ్ల మనిషి నీరసంగా ఉందని వచ్చాడు. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగి 7.2 ఉంది, ఈసీజీలో టీ వేవ్‌లు మొనదేలి ఎత్తుగా లేచాయి, క్యూఆర్ఎస్ అనే భాగం వెడల్పయింది, అంటే ఆ ప్రభావం గుండె మీద పడింది. గుండెను కాపాడటానికి ముందుగా ఏ మందు ఇస్తారు? ఆప్షన్లు చేత్తో మూసేసినా చదువుకున్న విద్యార్థి కాల్షియం గ్లూకోనేట్ అని చెప్పగలడు. ఇన్సులిన్, గ్లూకోజ్ కూడా అదే రోగికి ఇచ్చేవే కాబట్టి, ఏది ముందో తెలియనివాడు అక్కడ తడబడతాడు. 'పొటాషియం గురించి కిందివాటిలో సరికానిది ఏది' అనే ప్రశ్నలో మూసి చూడటానికి ఏముంది?

అంకెలు చెప్పిందే వేదమని నేను అనడం లేదు. అనాఫిలాక్సిస్‌లో, అంటే ప్రాణం మీదకొచ్చే తీవ్రమైన అలర్జీలో, మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్ అని వందకు వంద మందీ రాస్తే, ఆ ప్రశ్న ఎవరినీ వేరు చేయలేదని తీసేయకూడదు. సంతోషించాలి. ఏ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించాలో అంకెలు చూపిస్తాయి. నిర్ణయం మాత్రం ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లే తీసుకోవాలి.

చాలాచోట్ల 'రేపటికల్లా యాభై ప్రశ్నలు పంపండి' అంటే రాత్రి కూర్చుని పాత పేపర్లలోంచి ఏరి పంపుతాం. ప్రశ్నలు రాయడం ఎలాగో మాకెవరూ నేర్పలేదు. అధ్యాపకులకు ఆ శిక్షణ, తగినంత సమయం ఇవ్వాలి. ప్రతి ప్రశ్ననూ రాసినవారు కాక కనీసం ఇంకో ఇద్దరు పరీక్షకు ముందే చదవాలి. పరీక్ష అయ్యాక, ఫలితాలు ఇవ్వకముందే ఈ లెక్క చూడాలి. తప్పు ప్రశ్న బయటపడితే విద్యార్థులకు చెప్పి, మార్కులు సరిచేయాలి. కంప్యూటర్‌లో ఇదంతా ఒక పూట పని.

ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో ఆ పూట గడిచేదాకా మార్కుల జాబితా నోటీసు బోర్డు మీదకు వెళ్లదు. పోయినసారి రెండు ప్రశ్నలు తీసేశాం. అందులో ఒకటి మళ్లీ నాదే.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు