కంకషన్ తరువాత చదువు: పిల్లల చూపు గురించి తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల వివరాలు, సెలవుల పట్టిక ఈ సంచిక లోపలి పుటల్లో ఉన్నాయి. మొదటి పుటను మాత్రం ఈసారి ఒకే విషయానికి ఉంచుకున్నాను. ఆటస్థలంలో బంతి తగిలో, మెట్ల మీద జారో, సైకిలు మీద నుంచి పడో కంకషన్ (దెబ్బకు మెదడు కుదుపుకు లోనవడం) అయిన పిల్లలు కొద్ది రోజుల విశ్రాంతి తరువాత బడికి తిరిగి వస్తారు. పైకి గాయం కనిపించదు, నడక బాగుంటుంది, మాట బాగుంటుంది. పుస్తకం తెరిస్తే మాత్రం పది నిమిషాలకే మూసేస్తారు. దాన్ని మనం బద్ధకమనుకుంటాం. చాలాసార్లు అది చూపుకు సంబంధించిన ఇబ్బంది అని చెప్పడానికే ఈ లేఖ.

ఈ పొరపాటు చేసినవారిలో నేనూ ఉన్నాను. తరగతిలో లెక్కలు చెబుతున్న రోజుల్లో, తలకు దెబ్బ తగిలి పది రోజులు ఇంట్లో ఉండి వచ్చిన ఒక విద్యార్థిని బోర్డు మీది లెక్కను నోటుబుక్కులోకి రాసుకునేటప్పుడు ఒక వరుసలోని అంకెను మరో వరుసలో వేసేది. స్కాన్‌లో ఏమీ లేదని, కంటి పరీక్షలో చూపు 6/6 ఉందని ఇంటివారు అప్పటికే చెప్పి ఉండడంతో, ధ్యాస ఎక్కడ పెట్టావని అందరి ముందూ మందలించాను. రెండు వారాల తరువాత వాళ్ళమ్మ వచ్చి, పిల్ల ఇంట్లో ఒక కన్ను అరచేత్తో మూసుకుని చదువుతోందని చెప్పినప్పుడు గానీ సంగతి నాకు అర్థం కాలేదు. రెండు కళ్ళూ తెరిస్తే ఆమెకు ఒక్కో అంకె పక్కన దాని నీడ లాంటి మరో అంకె కనిపించేది. అందరికీ అలాగే కనిపిస్తుందేమో అనుకుని ఆమె ఎవరికీ చెప్పలేదు.

కంకషన్ అంటే తలకు గానీ, ఒక్కోసారి ఒంటికి గానీ తగిలిన దెబ్బ వల్ల మెదడు పుర్రె లోపల ఒక్కసారిగా కుదుపుకు లోనై, దాని పనితీరు కొంతకాలం తప్పడం. స్పృహ తప్పితేనే కంకషన్ అనే నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. నిజానికి స్పృహ తప్పేది పదిమందిలో ఒకరికి కూడా కాదు. స్కాన్ రక్తస్రావాన్నీ ఎముక విరగడాన్నీ పట్టుకుంటుంది గానీ పనితీరులో వచ్చిన ఇలాంటి తేడాను సాధారణంగా పట్టుకోలేదు. అందుకే స్కాన్ బాగుందన్న మాట మనకు ధైర్యం ఇవ్వాలి, అంతే. పిల్లవాడు అబద్ధం చెబుతున్నాడనడానికి అది ఆధారం కాదు.

కంటి పరీక్ష సంగతీ ఇంతే. గోడ మీది అక్షరాల పట్టిక ఆరు మీటర్ల దూరంలో, కదలకుండా ఉన్న అక్షరాన్ని కన్ను ఎంత స్పష్టంగా చూడగలదో చెబుతుంది. చదవడం అంతకంటే చాలా పెద్ద పని. ఒక్కో కంటిని ఆరు కండరాలు కదుపుతాయి. వాటికి ఆజ్ఞలు మూడు జతల నాడుల ద్వారా మెదడు నుంచి వస్తాయి. దగ్గరి పుస్తకాన్ని చూడాలంటే రెండు కళ్ళూ ముక్కు వైపు సమంగా మళ్ళాలి, లోపలి కటకం దగ్గరి దూరానికి సర్దుకోవాలి, ఆపైన చూపు వరుస వెంట సెకనుకు మూడు నాలుగు సార్లు చిన్న చిన్న గంతులు వేస్తూ పోయి, వరుస చివర నుంచి తరువాతి వరుస మొదటికి తప్పకుండా దిగాలి. బోర్డు మీదిది చూసి రాసుకునే పిల్ల ఈ సర్దుబాటును దూరానికీ దగ్గరకీ మధ్య గంటలో కొన్ని వందల సార్లు చేస్తుంది. కంకషన్‌లో దెబ్బతినేది సాధారణంగా కన్ను కాదు, ఈ పనులన్నిటినీ పొందికగా నడిపించే మెదడు ఏర్పాటు. కన్ను బాగుండి చదువు సాగకపోవడానికి కారణం అదే.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే అరుదైన ఇబ్బంది అనుకోవద్దు. కంకషన్ అయిన 11 నుంచి 17 ఏళ్ళ వయసు పిల్లలు వందమందిని పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 69 మందికి చూపుకు సంబంధించిన లోపం ఏదో ఒకటి బయటపడింది. దాదాపు సగం మందిలో దగ్గరి దూరానికి కటకం సరిగా సర్దుకోలేదు. అలాగే దాదాపు సగం మందిలో కళ్ళు రెండూ కలిసి ముక్కు వైపు మళ్ళడంలో లోపం కనిపించింది. రెండూ ఉన్నవారు కూడా ఉన్నారు. వీరంతా ప్రత్యేక చికిత్సాలయానికి వచ్చిన పిల్లలు కాబట్టి, తలకు దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకూ ఈ లెక్కే వర్తిస్తుందని నేను అనడం లేదు. అడిగి తెలుసుకోవలసినంత తరచుగా ఇది ఎదురవుతుందని మాత్రం అంటున్నాను.

అడిగే తీరులోనే అంతా ఉంది. "కళ్ళు బాగా కనిపిస్తున్నాయా?" అంటే పిల్లలు బాగానే కనిపిస్తున్నాయంటారు. అక్షరాలు ఈదుతున్నట్టు, కదులుతున్నట్టు ఉన్నాయా, చదివిన వరుసే మళ్ళీ చదువుతున్నావా, చదువుతుంటే నుదురు గానీ కళ్ళ వెనక గానీ గుంజుతోందా, పుస్తకం నుంచి తల ఎత్తితే బోర్డు కాసేపు మసకగా ఉంటోందా, జనం కదులుతున్న చోట నిలబడితే కడుపులో తిప్పుతోందా, గదిలో ట్యూబులైటు చిరాకుగా ఉందా అని విడివిడిగా అడగండి. ఒక కన్ను మూయడం, తల ఒక పక్కకు వంచి చూడడం, వేలు పెట్టి చదవడం, ఎప్పుడూ లేనిది పుస్తకాన్ని దూరంగా పట్టుకోవడం మీ కంట పడితే వైద్యులకు చెప్పండి. పెన్ను మొనను ముక్కు దాకా తెచ్చి ఎక్కడ రెండుగా కనిపిస్తుందో కొలిచే పరీక్షను వైద్యులు చేస్తారు. పెన్ను ముక్కుకు ఐదు సెంటీమీటర్ల దగ్గరికి రాకముందే రెండుగా కనిపించడం మొదలైతే లోపంగా లెక్కిస్తారు. ఆ పరీక్షను ఇంట్లో పదే పదే చేసి పిల్లలకు తలనొప్పి తెప్పించవద్దని కోరుతున్నాను.

ఇక విశ్రాంతి. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టాలన్న పాత సలహా ఇప్పుడు చెల్లదు. క్రీడల్లో కంకషన్ గురించి 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు, ఆ మరుసటి ఏడాది వెలువరించిన ప్రకటనలో, పూర్తి విశ్రాంతి కంటే మొదటి ఒకటి రెండు రోజుల పరిమిత విశ్రాంతి, ఆ తరువాత మెల్లగా నడక, చదువు మొదలుపెట్టడం మేలని చెప్పింది. ఫోను, టీవీ, కంప్యూటరు విషయంలో మాత్రం ఆ మొదటి రెండు రోజులూ గట్టిగా ఉండండి. 12 నుంచి 25 ఏళ్ళ వయసు వారు 125 మందితో జరిపి 2021లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి 48 గంటలు తెర చూడని వారిలో సగం మంది మూడున్నర రోజుల్లో కోలుకోగా, చూడనిచ్చిన వారిలో సగం మంది కోలుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. బడికి రాలేదు కదా, కాసేపు ఫోను చూసుకోనీ అని మనం చేసే ఉపకారం ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండు రోజుల తరువాత ఎంత చదవనివ్వాలన్నది ప్రతి తల్లీ తండ్రీ నన్ను అడిగే ప్రశ్న. దీనికి గడియారం కంటే బిడ్డే మంచి కొలత. చదవబోయే ముందు బాధ సున్నా నుంచి పదిలో ఎంత ఉందో అడగండి. చదువుతుంటే అది ఒకటో రెండో పెరిగి, ఆపిన గంటలోపు తగ్గిపోతే ఆ మోతాదు సరిపోయిందన్నమాట. అంతకు మించి పెరిగినా, గంట దాటినా తగ్గకపోయినా మరుసటి రోజు తక్కువ సేపు చదివించండి. పది నిమిషాలతో మొదలుపెట్టి, మధ్యలో దూరాన ఉన్న వస్తువును చూస్తూ కళ్ళకు తెరిపి ఇచ్చి, మళ్ళీ పది నిమిషాలు చదివితే, ఒకే దమ్మున గంట చదివినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది. చదివే వరుస కింద అట్టముక్క పెట్టుకోవడం, పాఠాన్ని మీరు చదివి వినిపించడం చిన్న సాయాలే గానీ చాలా ఉపయోగపడతాయి.

వెలుతురు గిట్టని పిల్లలకు ఎండలో టోపీ, చలువ కళ్ళద్దాలు పెట్టడంలో తప్పు లేదు. ఇంటి లోపల రోజంతా నల్లద్దాలు పెట్టుకుంటే మాత్రం కళ్ళు చీకటికి అలవాటుపడి వెలుతురు మరింత గుచ్చుకుంటుంది. పూర్తి చీకటి కాకుండా, కిటికీ తెర సగం మూసిన గది మంచిది.

బడిలో మేము చేయగలిగినవి ఇవీ. వైద్యుల చీటీ ఉన్న పిల్లలు మొదట సగం పూటే రావచ్చు. బోర్డు చూసి రాసుకునే అవసరం లేకుండా పెద్ద అక్షరాలలో ముద్రించిన నోట్సు ఇస్తాము. కార్యాలయంలోని జిరాక్స్ యంత్రం ఈ మధ్య మునుపటికంటే ఎక్కువ శ్రమపడుతున్నది అందుకే. కిటికీ వెలుగూ ప్రొజెక్టరు వెలుగూ నేరుగా పడని చోట, ముందు వరుస నడుమ కూర్చోబెడతాము. గంట కొట్టగానే వరండాలో వందలమంది ఒక్కసారిగా కదిలే దృశ్యం ఇలాంటి పిల్లలకు తల తిప్పుతుంది. తల కదిలినా చూపు నిలకడగా ఉండేలా లోపలి చెవీ కళ్ళూ కలిసి చేసే పని కూడా కంకషన్‌లో దెబ్బతింటుంది కాబట్టి వారిని ఐదు నిమిషాలు ముందే మరో తరగతికి పంపుతాము. రాత పరీక్ష బదులు నోటితో జవాబు చెప్పనివ్వడం, పరీక్షలో అదనపు సమయం, ఒకే రోజు రెండు పరీక్షలు పెట్టకపోవడం గురించి ఉపాధ్యాయులందరికీ సూచనలు ఇచ్చాను. వెనకబడిన నోట్సంతా ఒక్కసారిగా రాయించే పాత పద్ధతిని పూర్తిగా ఆపేశాము. రాయనివన్నీ రాయనక్కరలేదు, ముఖ్యమైనవి ఏవో ఆయా ఉపాధ్యాయులు గుర్తుపెట్టి ఇస్తారు.

ఎక్కువమంది పిల్లలు నాలుగు వారాల్లోపు కోలుకుంటారు, చూపు ఇబ్బందులు కూడా చాలామందిలో వాటంతట అవే సర్దుకుంటాయి. అందువల్ల మొదటి వారంలోనే కొత్త కళ్ళద్దాల కోసం పరుగెత్తవద్దు. మారుతున్న చూపుకు ఇచ్చిన అద్దాలు నెల తిరిగేసరికి పనికిరాకపోవచ్చు. ఇదివరకే అద్దాలున్న పిల్లలు వాటిని తప్పక పెట్టుకోవాలి. నాలుగు వారాలు దాటినా చదివితే తలనొప్పి వస్తుంటే, అక్షరాలు రెండుగా కనిపిస్తుంటే, రెండు కళ్ళ కలయికను పరీక్షించే నేత్ర నిపుణుల దగ్గరకు తీసుకువెళ్ళి, కంకషన్ అయిన సంగతి, తేదీతో సహా, ముందే చెప్పండి. కళ్ళ కదలికలకూ తల తిరుగుడుకూ వ్యాయామాలు ఉన్నాయి. అవి నిపుణులు చూసి ఇవ్వవలసినవే గానీ వీడియోలు చూసి చేయించవలసినవి కావు.

ఇప్పటిదాకా చెప్పినవి ఓపికతో తీరేవి. కొన్నిటికి ఓపిక పట్టకూడదు. దెబ్బ తగిలాక తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా కనిపించినా, ఉన్నట్టుండి చూపు పోయినా, రెండుగా కనిపించడం హఠాత్తుగా మొదలైనా, మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, చేయి గానీ కాలు గానీ పట్టు తప్పినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, నిద్ర నుంచి లేపినా లేవకపోయినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి. బడికి ఫోను తరువాత చేయవచ్చు.

ఆటల గురించి రెండు మాటలు. పూర్తి తరగతులకు ఇబ్బంది లేకుండా హాజరవుతున్న పిల్లలనే, అదీ వైద్యుల అనుమతి పత్రం ఉంటేనే, దెబ్బ తగిలే ప్రమాదమున్న ఆటల్లోకి తీసుకుంటాము. బంతి ఎంత దూరంలో ఉందో సరిగా అంచనా వేయలేని బిడ్డకు రెండో దెబ్బ తగలడం తేలిక, మొదటిది మానకముందే తగిలిన రెండో దెబ్బ మరింత హాని చేస్తుంది. పోటీలు దగ్గర పడ్డాయని నన్నూ పీటీ మాస్టారునూ ఒత్తిడి చేయవద్దు. రెండుగా కనిపిస్తున్నంత కాలం సైకిలు మీద కూడా పంపవద్దు.

మీ బిడ్డ తలకు దెబ్బ ఇంట్లో తగిలినా, సెలవుల్లో తగిలినా, చిన్నదే అనిపించినా, డైరీలో తేదీ, ఎలా తగిలింది, వైద్యులు ఏమన్నారు, చదివేటప్పుడు ఏ బాధ ఉంది అన్నవి రాసి క్లాస్ టీచర్‌కు పంపండి. ఇదివరకు కంకషన్ అయి ఉంటే అదీ రాయండి. టీచర్ ఆ పుట చూసిన రోజునే పైన చెప్పిన ఏర్పాట్లు మొదలవుతాయి. వైద్యుల చీటీ రెండు మూడు రోజులు ఆలస్యమైనా అంతవరకు ఆపము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు