తోకచుక్క దొరికింది, తోకా!

ఒరేయ్ తోకా,

ముందు నాలుగు తిట్లు తిట్టేసెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టా, రెండుసార్లూ "ఇక్కడ అంతా క్షేమం" దగ్గర ఆగిపోయా. క్షేమమే. అమ్మ మోకాలు కాస్త నయం, ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, తమ్ముడు ఎలాగో పాసయ్యాడు. అయిపోయింది. ఇక అసలు సంగతి.

మొన్న మంగళవారం రాత్రి నేను రెండున్నర గంటలసేపు ప్రపంచ ప్రసిద్ధుణ్ణిరా.

నవ్వకు. మన గుడ్డి గుర్రం ఇంకా బతికే ఉంది. అదే, ఆ పాత టెలిస్కోపు. ఇప్పటికీ దానికి మోటారూ లేదు గీటారూ లేదు, చేత్తో ఎటు తిప్పితే అటు వెళ్తుంది, కళ్ళు మాత్రం మనమే పెట్టాలి. ఆ రాత్రి నిద్ర పట్టక మేడెక్కా. అసలు తోకచుక్కల కోసం వెతికేవాళ్ళు సాయంత్రమైతే పడమర, తెల్లవారుజామునైతే తూర్పు, దిగంతానికి దగ్గరగా చూస్తారు. సూర్యుడి దగ్గరికి వచ్చేకొద్దీ కదా అవి వెలిగేది. నాకు తూర్పున ఎదురింటి మేడ అడ్డం. అందుకని బుద్ధిగా ఉన్నవాడెవడూ వెతకని చోట, నడినెత్తి దాటి పడమటికి వాలుతున్న మిథున రాశిలో, ఊరికే గుర్రాన్ని తోలుతున్నా.

రెండు గంటల నలభై నిమిషాలకి కనబడింది. అద్దం మీద ఊపిరి వదిలితే పడే మరకలా, గుండ్రంగా, అంచుల్లేకుండా. పక్కన రెండు చిన్న నక్షత్రాలు. అది మాత్రం నక్షత్రం కాదు.

నేను మరీ అంత అమాయకుణ్ణేం కాదు. ముందు మెస్సియే జాబితా తీశా. అది తయారైందే నాలాంటి వాళ్ళ కోసం. 1758లో చార్లెస్ మెస్సియే అనే ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడికి వృషభ రాశిలో ఇలాంటి మరకే కనబడింది. తోకచుక్కేమో అనుకున్నాడు, కానీ అది కదల్లేదు. మళ్ళీ మళ్ళీ మోసపోకుండా ఇలాంటి మాయ మరకలన్నిటినీ రాసిపెట్టుకున్నాడు, మొదటిది అదే. మిథునంలో ఆ జాబితా వస్తువు ఒక్కటే, ఎం 35. అది నా మరకకి చాలా దూరం. జాబితాలో లేదు! ఒరేయ్, జాబితాలో లేదురా!

చేతులు వణికాయి. మరక చోటు పక్క నక్షత్రాల ఆధారంగా కాగితం మీద గీసుకున్నా. ఇక గంటో గంటన్నరో ఆగి మళ్ళీ చూడాలి. కదిలితే తోకచుక్క, కదలకపోతే ఏదో నెబ్యులా, అంటే అంతరిక్షంలో వాయువూ ధూళీ కలిసిన మేఘం. సరిగ్గా అప్పుడే మబ్బు వచ్చింది.

నా కొంప ముంచింది ఆ మబ్బేరా. ఆకాశం కనబడుతుంటే ఆకాశం చూసేవాణ్ణి. కనబడకపోయేసరికి నన్ను నేను చూసుకోవడం మొదలుపెట్టా. కుర్చీలో కూచుని, దుప్పటి కప్పుకుని, మెల్లగా పేరు పెట్టుకున్నా. నీకు తెలుసో లేదో, తోకచుక్కకి కనిపెట్టినవాడి ఇంటిపేరే పెడతారు. హేల్-బాప్, హ్యకుటాకే, ఇకెయా-సెకి, అన్నీ ఇంటిపేర్లే. అంటే నా పేరు ఎక్కడా రాదు! మా వంశం మొత్తానికి కలిపి వస్తుంది. పదేళ్ళుగా మాతో మాట్లాడని మా బాబాయికి కూడా సగం కీర్తి పోతుంది. చీకట్లో దీని మీద నిజంగా కోపం తెచ్చుకున్నా, నమ్ము. తర్వాత పెద్దమనసు చేసుకుని క్షమించేశా. పేరొచ్చినవాడు అల్పంగా ఉండకూడదు కదా.

తర్వాత ఇంకో బెంగ. నాకంటే ముందు ఇంకెవడైనా చూసి ఉంటే? 1995 జూలైలో హేల్, బాప్ ఒకే రాత్రి వేరువేరు చోట్ల నుంచి చూశారు. బాప్‌కి సొంత టెలిస్కోపు కూడా లేదు, స్నేహితుడి దాంట్లో చూస్తుంటే తగిలింది. హేల్ ఈ-మెయిల్ పంపితే బాప్ టెలిగ్రాం కొట్టాడు. ఇప్పుడైతే రాత్రంతా ఆకాశాన్ని జల్లెడ పట్టే యాంత్రిక సర్వేలే ముందు పట్టేస్తున్నాయి, అందుకే చాలా తోకచుక్కలకి అట్లాస్ అనో పాన్‌స్టార్స్ అనో వాటి పేర్లే ఉంటాయి. కానీ 2019లో బొరిసొవ్ తను కట్టుకున్న టెలిస్కోపుతో వేరే నక్షత్రాల నుంచి వచ్చిన దాన్నే పట్టాడు! 2023లో నిషిమురా మామూలు కెమెరాతో పట్టాడు! మామూలుగా రెండు పేర్ల వరకూ పెడతారు. సరే, రెండోది ఎవడిదైనా కానీ, ముందు మాత్రం నాదే ఉండాలి.

అక్కడితో ఆగానా? ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో గొణుక్కున్నా. "ఇదంతా నా స్నేహితుడు కొనిపించిన టెలిస్కోపు పుణ్యం" అని నీ గురించి ఒక వాక్యం. రెండోసారి గొణుక్కునేటప్పుడు ఆ వాక్యం ఎగిరిపోయింది. ఎలా పోయిందో నాకే తెలీదు, దాచకుండా చెప్తున్నా. మూడోసారి మళ్ళీ పెట్టాలే.

అవునూ, నిన్ను తోకా అని ఎందుకన్నానో గుర్తుందా? ఎప్పుడూ నా వెనకే వస్తున్నావని. ఆ రాత్రి తట్టింది, తోకచుక్క తోక ఎప్పుడూ వెనకే ఉండదురా. అది సూర్యుడికి వ్యతిరేక దిక్కుకి చాచుకుని ఉంటుంది. తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి తిరిగి వెళ్ళేటప్పుడు తోకే ముందు నడుస్తుంది. నువ్వు ఆ ఉద్యోగానికి వెళ్ళిపోయిన రోజు స్టేషన్లో నేను... సరేలే, అది ఇంకో ఉత్తరంలో.

నాలుగూ పదికి మబ్బు విడిపోయింది. గుర్రాన్ని మళ్ళీ అక్కడికి తోలా. మరక ఉంది. కాగితంతో పోల్చా. కదిలింది! రెండు నక్షత్రాల మధ్య ఉన్నది ఒకదాని పక్కకి వచ్చేసింది. మేడ మీద గెంతబోయి దుప్పట్లో కాలు తట్టుకుని పడ్డా. మోచెయ్యి ఇంకా నొప్పే.

ఇలాంటివి పంపాల్సింది సెంట్రల్ బ్యూరో ఫర్ ఆస్ట్రనామికల్ టెలిగ్రామ్స్‌కి. పేరులో ఇంకా టెలిగ్రామ్స్ ఉన్నాయి, అదొక ముచ్చట. చూసిన సమయం, చోటు, వెలుగు, ఎటు కదులుతోంది, ఏ పరికరం, అన్నీ ఫోన్లో టైపు చేశా. పరికరం దగ్గర "గుడ్డి గుర్రం" అని పడింది, తుడిచా. కింద ఇంటిపేరు స్పెల్లింగ్ మూడుసార్లు సరిచూశా. పంపే ముందు ఒక్కసారి, ఇంకొక్కసారి చూద్దామని కన్ను పెట్టా. మోచెయ్యి నొప్పికి చెయ్యి జారి గొట్టం కాస్త కదిలింది.

నక్షత్రాలన్నీ ఒకవైపు జరిగాయి. మరక ఎదురువైపు పరిగెత్తింది.

మళ్ళీ కదిపా. మళ్ళీ ఎదురువైపు. ఆకాశంలో ఉన్నదేదీ అలా చెయ్యదురా. వీక్షణం అంచున చూస్తే గురుడు! ధగధగా వెలిగిపోతూ, రాత్రంతా అక్కడే ఉన్నాడు మహానుభావుడు. ఆయన వెలుగు ఐపీసు, అదే కన్ను పెట్టి చూసే గొట్టం, అద్దాల మధ్య అటూ ఇటూ కొట్టుకుని, మధ్యబిందువుకి సరిగ్గా అవతలి వైపు దయ్యంలా నీడ వేసింది. మొదటిసారికీ రెండోసారికీ నేను గొట్టం పెట్టిన తీరు కాస్త మారింది, అందుకే మరక "కదిలింది". నా తోకచుక్క నా ఐపీసులోనే పుట్టి అందులోనే పోయింది.

నవ్వు రాలేదు. నిజం చెప్పనా, ఏడుపొచ్చినంత పనైంది. పోయింది తోకచుక్క కాదు, అది ఎప్పుడూ లేదు కదా. మరేం పోయిందని ఏడుపు? ఇప్పటికీ తేలడం లేదు.

కాసేపటికి, వేరే పని లేక, గురుణ్ణే మధ్యలోకి తెచ్చా. పక్కన చంద్రులు వరసగా నిలబడి ఉన్నారు. 1610 జనవరిలో గెలీలియో చూసింది వీటినే. ఆయన కూడా ఊరికే ఉండలేదు, తనకి కొలువిస్తారని ఆశపడ్డ మెడిచీ వంశం పేరు పెట్టాడు వాటికి. ఆ పేరు నిలవలేదు. మెస్సియే సంగతి ఇంకా విచిత్రం. ఆయన పట్టిన తోకచుక్కలు పదమూడు, వాటిల్లో ఒక్కదాని పేరైనా నాకు నోటికి రాదు. పక్కకి తోసేసిన మరకల జాబితాతోనే ఆయన పేరు రోజూ తలుచుకుంటాం. పైగా ఆయన ఎదురుచూసిన హేలీ తోకచుక్క 1758 క్రిస్మస్ రాత్రి పాలిచ్ అనే రైతుకి ముందు కనబడింది. ఆయనకి ఎంత మండి ఉంటుందో! ఆ రైతుని మాత్రం నాకు భలే

తమ్ముడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, పోస్టు వేళైపోతోందని అరుస్తున్నాడు. ఇంకా చాలా ఉంది. ఆ మెయిలు డ్రాఫ్టుల్లోనే ఉందిరా, తీసెయ్యబుద్ధి కాలేదు. ఎందుకంటే నిన్న రాత్రి సింహరాశిలో మళ్ళీ ఒక... ఈసారి గొట్టం కదిపి చూశా, అది నక్షత్రాలతో పాటే... వస్తున్నారా బాబూ! కవరు లాగేసుకుంటున్నాడు