ఫిట్టప్ దగ్గరే తెలిసిపోతుంది

ఒరేయ్ సూరీ,

ఆటోనగర్ షెడ్డుకి నలుగురు పైపు వెల్డర్లు కావాలన్నావు కదా. కాగితాలు చూసి జీతం మాట్లాడేయకు. ఐటీఐ పాసైనంత మాత్రాన పైపుకి రూట్ (అతుకులో అన్నిటికన్నా లోపల పడే మొదటి వరస) వేయగలడని కాదు. పాత టెస్టు కాగితం తెస్తే ఏ పద్ధతిలో, ఏ పొజిషన్‌లో, ఎంత పైపు మీద, ఎప్పుడు చేశాడో చూడు. వెల్డర్ల అర్హత నియమాలుండే అమెరికా కోడ్ ఆస్మీ సెక్షన్ 9 ప్రకారం ఒక పద్ధతిలో 6 నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ పద్ధతికి అర్హత పోతుంది. రోజూ ఆర్క్ (రాడ్డుతో చేసే వెల్డింగ్) కొట్టేవాడైనా టిగ్ (ఆర్గాన్ గ్యాస్ కాపుతో చేసేది) ముట్టకపోతే అంతే. ఎలాగూ మామూలుగా ఎవరి కంపెనీ టెస్టు వాళ్లే పెట్టుకోవాలి.

టెస్టుకి 6 అంగుళాల షెడ్యూల్ 80 (గోడ మందాన్ని చెప్పే నంబరు) పైపు తీసుకో. గోడ దాదాపు 11 మిల్లీమీటర్లు ఉంటుంది. 45 డిగ్రీల వాలులో బిగించి, మొత్తం అయ్యేదాకా తిప్పనివ్వకు. 6జీ అంటే అదే. ఇందులో నెగ్గితే 73 మిల్లీమీటర్ల బయటి వ్యాసం నుంచి పై సైజులకు పనికొస్తాడు. 2 అంగుళాల పైపు 60 మిల్లీమీటర్లే కాబట్టి దీని కిందికి రాదు. నీకు ఆ పనే ఎక్కువైతే టెస్టు కూడా ఆ సైజులోనే పెట్టు.

అసలు చూడాల్సింది ఆర్క్ వెలగకముందు. బెవెల్ (పైపు అంచుకి ఏటవాలు కోత) కోసి ఇవ్వు, ఫిట్టప్ (రెండు ముక్కల్ని సరిగ్గా ఎదురెదురు చేర్చి నిలపడం) మాత్రం వాణ్ణే చేసుకోనివ్వు. అంచుల తుప్పు, నూనె లోపలివైపు కూడా గ్రైండ్ చేస్తున్నాడా? రూట్ గ్యాప్ (రెండు అంచుల మధ్య ఖాళీ) 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు చుట్టూ ఒకేలా ఉందా? రాడ్డు ముక్క పెట్టి కొలిచాడా, కంటితో వదిలేశాడా? ట్యాకుల (ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న అతుకుల) చివర్లు పల్చగా సాన పట్టాడా? అది చేయకపోతే రూట్ అక్కడ అతకదు. ఈ అరగంట చూస్తే చాలా మట్టుకు తెలిసిపోతుందిరా. కరెంటు కూడా నీ ఫోర్‌మన్ పెట్టకూడదు. ఒక స్క్రాప్ ముక్క ఇచ్చి పది నిమిషాలు వాణ్ణే సరిచూసుకోమను.

మన వైపు తప్పుకి వాణ్ణి ఫెయిల్ చేయకూడదు. విశాఖ గాలిలో తడెక్కువ, డబ్బా విప్పి వదిలేసిన 7018 రకం వెల్డింగ్ రాడ్లు ఇట్టే చెమ్మ పీలుస్తాయి. తయారీదారు డబ్బా మీద రాసినట్టు కాల్చి (మామూలుగా 300–350 డిగ్రీల దగ్గర), వేడి ఓవెన్‌లోంచే తీసివ్వు. లేకపోతే వచ్చే పోరోసిటీ (వెల్డులో గ్యాస్ బుడగల రంధ్రాలు) నీ రాడ్లదే, వాడి చేతిది కాదు. టిగ్ చేసేచోట ఫ్యాను గాలి ఆపించు.

రూట్ అయ్యాక టార్చి వేసి లోపల చూడు. గడియారం లెక్కన పైన 12 గంటల దగ్గర లోహం ఎక్కువ దిగి వేలాడుతుంది, కింద 6 గంటల దగ్గర లోపలికి గుంట పడుతుంది. తప్పులు ఎక్కువ దొరికేది కిందే, ఎందుకంటే కరిగిన లోహాన్ని బరువు కిందికి లాగుతుంటే రాడ్డుని పైకి నొక్కి పట్టాలి. కాబట్టి పైపు మీద 12 గంటల గుర్తు, వాడి నంబరు ముందే పంచ్ కొట్టించు. ముక్కలు మారిపోవడం కూడా అరికట్టొచ్చు.

పైకి అందంగా ఉందని ఊరుకోకు. నాలుగు పట్టీలు కోయించు. రెండు ఫేస్ (వెల్డు పై ముఖం) వైపు, రెండు రూట్ వైపు యూ ఆకారంలో వంచించు. 3 మిల్లీమీటర్లు దాటి ఎక్కడైనా తెరుచుకుంటే ఫెయిల్.

మాటల్లో ‘7018 అంటే ఏంటి’ అని అడగకు, బట్టీ పట్టేస్తారు. ‘6 గంటల దగ్గర రూట్ బొక్క పడితే ఏం చేస్తావ్?’ అని అడుగు. కరెంటు తగ్గించి పైన పూసేస్తానంటే వద్దు. గ్రైండ్ చేసి అంచు దాకా శుభ్రం చేసి మళ్లీ వేస్తానంటే ముందుకెళ్లు. ‘ఇన్‌స్పెక్టర్ చూడని చోట?’ అని కూడా అడగరా. దాచినదే ఆ తర్వాత లైన్‌లో కారుతుంది.

టెస్టు రోజుకి కూలీ, దారి ఖర్చు ఇవ్వు. ఒక పూట పని పోగొట్టుకుని వస్తారు పాపం. ఫెయిలైనవాడికి వాడి పట్టీ చేతికిచ్చి ఎక్కడ తెరుచుకుందో చూపించు, రెండోసారి రమ్మను.

ఒక్కొక్కరికి రెండు పైపు ముక్కలు, ఒక్కోటి 150 మిల్లీమీటర్ల పొడవు. నలుగురి కోసం పదిమందిని పిలవాలనుకుంటే 20 ముక్కలు ఇప్పుడే కోయించు.

నీ,
బుజ్జి