పాత సినిమాల్లో కులం లేదా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో పాత తెలుగు సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఆ రోజుల్లో సినిమాకి కులం లేదట, ఈ గొడవలన్నీ ఇప్పుడే మొదలయ్యాయట. రెండు పేజీల వ్యాసంలో 'మాలపిల్ల' సినిమా పేరు ఒక్కసారీ రాలేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల పాఠకుల కోసం అచ్చయ్యే పేపర్లో ఇదేం రాత?

గుడిలోకి హరిజనులను ఎందుకు రానివ్వరని దర్శకులు గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లోనే ఆ సినిమాతో తెర మీద నిలదీశారు. కథ రచయిత చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. మన బెజవాడ పటమటలో పుట్టిన కవి బసవరాజు అప్పారావు గారి పాటలూ అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది జమీందారీ పెత్తనం మీద 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లు మండిపడ్డారు, నిషేధం దాకా వెళ్లింది. ఆ సినిమా తీసిన సారథి సంస్థ అధిపతి చల్లపల్లి రాజా కూడా జమీందారే! కులం, వర్గం ఊసే లేని సినిమాలకు ఇంత రభస జరుగుతుందా?

తరవాత కులాంతర ప్రేమకథలతో 'రోజులు మారాయి' (1955), 'జయభేరి' (1959) వచ్చాయి. నాకెంతో ఇష్టమైన సినిమాలు, ఇప్పటికీ టీవీలో వస్తే పని ఆపి చూస్తాను. కానీ 'మాలపిల్ల' నుంచీ గమనించండి, అబ్బాయిది పెద్ద కులం, అమ్మాయిది చిన్న కులం. అటుదిటు చేసి చూపే ధైర్యం ఎందరికుంది? ఆ చిన్న కులాల పాత్రలు వేసే అవకాశం ఆ కులాల వాడల నుంచి వచ్చిన ఎందరికి దక్కింది? హీరో మాట్లాడేది శుభ్రమైన భాష, యాస మాత్రం నౌకరుకీ హాస్యగాడికీ వదిలేశారు. పల్లెల్లో పుట్టి పెరిగిన మాకు అది అప్పుడూ గుచ్చుకునేది. వ్యాసకర్తకు ఇవేవీ కనిపించలేదు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. సావిత్రి గారి కళ్ల మీద ఒక పేరా మొత్తం రాశారు. తాడేపల్లి దగ్గర చిర్రావూరులో పుట్టిన ఆ మనిషి 1968లో 'చిన్నారి పాపలు' డైరెక్ట్ చేశారనీ, పి.లీల గారి సంగీతం, బెజవాడలో పుట్టిన రాజసులోచన గారి నృత్యాలతో చాలావరకు ఆడవాళ్లే కలిసి పనిచేసిన సినిమా అదనీ ఒక్క ముక్క రాయలేదు. 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీల్లో డైరెక్ట్ చేసిన భానుమతి గారికి ఒక ఫొటో, కింద పేరు. అంతే.

మీ ఒక్కరినే అని ఏం లాభం? మా పేటలో లైబ్రరీకి వెళ్లి పాత సినిమా పత్రికలు అడిగితే, చెదలు పట్టాయని బయట పడేశామన్నారు. ఏటా ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నాం, ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది? సినిమా వేడుకలని ప్రభుత్వం వేదికలు కడుతుంది, అధికారులకు శాలువాలు కప్పుతారు, ఒక పాత సినిమా వేసి పిల్లలకు చూపించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. పేపర్లు చూస్తే సినిమా పేజీ నిండా కలెక్షన్ల లెక్కలే.

నేను కోరేది ఒక్కటే. ఆ వ్యాసంలో వదిలేసిన ఈ సినిమాల మీద, ఈ మనుషుల మీద అదే అనుబంధంలో, అంతే చోటిచ్చి, తెలిసినవారి చేత మరో వ్యాసం రాయించండి.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు