పిల్లల హీబ్రూ బడి: 5785వ సంవత్సరపు జమా ఖర్చుల వివరణ

యూదు ధర్మాన్ని పాటించే తెలుగువారమైన మన బెనె ఎఫ్రాయీము కుటుంబాల పిల్లలకు హీబ్రూ, తోరా (యూదుల ధర్మశాస్త్రం), ప్రార్థనలు నేర్పే బడి నిమిత్తం 2024 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు వరకు, అంటే యూదుల పంచాంగం ప్రకారం 5785వ సంవత్సరంలో, వచ్చిన సొమ్మును, అయిన ఖర్చును సభ్యుల ముందు ఉంచుతున్నాము.

నిరుటి నిల్వ రూ.1,850. పదహారు కుటుంబాలు నెలకు నూరు రూపాయల చొప్పున ఇచ్చిన చందా రూ.19,200. ముగ్గురు దాతలు తలా రూ.1,800 ఇవ్వగా రూ.5,400 వచ్చింది, జీవమని అర్థమిచ్చే ‘హయ్’ అనే హీబ్రూ మాటకు, అక్షరాలకున్న సంఖ్యల లెక్కలో, 18 వస్తుంది గనుక ఆ లెక్కన ఇవ్వడం యూదుల వాడుక. శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం రాత్రి ముగిసే విశ్రాంతి దినమైన సబ్బాతున డబ్బు ముట్టరాదు కాబట్టి శుక్రవారం దీపాలు వెలిగించకముందే తిప్పిన ధర్మం డబ్బాలో రూ.3,150 చేరింది. మొత్తం జమ రూ.29,600.

ఖర్చులో పెద్దది బోధకునికి నెలకు రూ.1,200 వంతున ఇచ్చిన రూ.14,400. దీనిపై ఎవరికీ అభ్యంతరం లేదు. ప్రశ్నలు వచ్చినది జిరాక్సులకైన రూ.6,320 గురించే. ఇంతకాలం పిల్లలు యూదుల ముఖ్య ప్రార్థన అయిన షెమాను తెలుగు లిపిలో చూసి వల్లె వేశారు. అయితే ‘హేత్’ అనే హీబ్రూ అక్షరం గొంతులోంచి పలికే తీరు మన హ గానీ ఖ గానీ పూర్తిగా చూపలేవు. అందుచేత కమిటీ ఈ ఏడాది కుడి నుంచి ఎడమకు, అచ్చుల చుక్కలతో సహా, హీబ్రూ లిపిలోనే పాఠాలు సిద్ధం చేయించింది. మొదటి విడతలో సిరా పలచనై చుక్కలు పడలేదు. షీన్ అక్షరానికి చుక్క కుడివైపుంటే ష, ఎడమవైపుంటే స. చుక్కే లేకపోతే కొత్తగా నేర్చుకునే పిల్లవాడు దేన్ని పట్టుకుని చదవాలి? నమూనా చూడకుండా అన్ని ప్రతులూ తీయించిన తప్పు కమిటీదే, అందులో పోయిన సొమ్ము రూ.1,140. దేవుని నామమున్న ఆ కాగితాలను చిత్తుకు అమ్మరాదు గనుక సమాధి చేసేందుకు పెట్టెలో భద్రపరిచాము. ఆ పద్దు కింద జమ ఏమీ రాలేదు.

పలకలు, బలపాలు, నోటు పుస్తకాలకు రూ.1,480, సబ్బాతున రాయకూడదు కాబట్టి రాత తరగతి ఆదివారం జరిగింది. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను స్మరించే పస్కా పండుగ రాత్రి చిన్నవారు అడిగే నాలుగు ప్రశ్నల అభ్యాసం రోజుల్లో ఫలహారాలకు రూ.2,150, ఫ్యాను బాగుకు రూ.1,350 అయ్యాయి. అక్షరాభ్యాసం నాడు కొత్త పిల్లల నాలుకకు అందించిన తేనెకు రూ.240 ఎక్కువేనని ఒకరు అన్నారు. మిగిలిన సీసా బీరువాలో ఉంది.

మొత్తం ఖర్చు రూ.25,940, నిల్వ రూ.3,660. సబ్బాతు, పండుగ దినాలు మినహా ఏ రోజు సాయంత్రమైనా రసీదులను కోశాధికారి వద్ద చూడవచ్చును.